నల్ల అబాయా గుడ్డతో కుట్టిన గేదె

నేను ఒకప్పుడు పనిచేసిన ఇంటి పెద్దావిడ మామా జువైనా పోయారని గంగారాం ఫోన్ చేసినప్పుడు, ఒమన్‌లో బర్కాలోని నా కుట్టుషాపులో ఒక పెళ్ళికూతురి జబ్బ కొలుస్తున్నాను. టేపు ఆ పిల్ల చేతిలోనే వదిలేసి, షట్టర్ సగం దించి వెళ్ళిపోయాను. ఎనభై దాటిన మనిషి, ఏడాదిగా మంచం మీదే ఉన్నారు. ఇక్కడి పద్ధతి ప్రకారం మూడు రోజులు పరామర్శకు వస్తారు. ఆడవాళ్ళం లోపల, మగవాళ్ళు బయట మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో. రెండో రోజు మధ్యాహ్నం మస్కట్ నుంచి రెండు కార్లలో పాత ఐస్ హాకీ ఆటగాళ్ళు, ఐదుగురు తెల్లవాళ్ళు దిగారు. అందరూ గుమ్మం దగ్గర తల వంచి లోపలికి రావలసిన ఎత్తు. ఒకప్పుడు భుజాల దాకా జుట్టు పెంచుకున్న వాళ్ళే, ఇప్పుడు ముగ్గురి నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. వాళ్ళు విప్పిన బూట్లు చూడటానికి ఇంట్లో పిల్లలంతా గుమిగూడారు. మామా ముని మనవరాలు ఒక బూటులో తన రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది.

మజ్లిస్‌లో కాఫీ పోస్తున్నది గంగారాం. జగిత్యాల వైపు మనిషి, ఆ తోటలో పనికి చేరి పాతికేళ్ళు పైనే అయింది. అక్కడ జరిగిందంతా అతనే వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నాకు చెప్పాడు. మామా మనవడొకడు, అసలు మన ఐస్ హాకీ జట్టుకు జామూస్ అని గేదె పేరు ఎందుకొచ్చిందని అడిగాడట. మామా కొడుకు బాబా ఖమీస్ గొంతు సవరించుకుని, బర్కాలో శుక్రవారాలు ఎద్దుల కుమ్ములాట జరుగుతుంది కదా, ఆ పౌరుషానికి గుర్తుగా తానే పెట్టానన్నారట. ఇంకెవరో, కాదు, విదేశాల్లో ఒక డిజైన్ కంపెనీ ఆరు నెలలు ఆలోచించి గీసిందన్నారట. తెల్లవాళ్ళలో పెద్దాయన మాత్రం ఖర్జూరం నములుతూ నవ్వుతున్నారట.

"మరి నువ్వెందుకు చెప్పలేదు తమ్ముడూ?" అన్నాను.

"కాఫీ పోసేటోడు నడుమ మాట్లాడుతడా అక్కా? గింజ గొంతుల వడ్డట్టు నిలవడ్డ," అన్నాడు గంగారాం.

అందుకే నేను రాస్తున్నాను. ఆ గేదెను కుట్టింది నేను.

ఒమన్ వచ్చేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మాది రాజోలు దగ్గర లంక. నాతోపాటు విమానంలో వచ్చిన కడప ఆడవాళ్ళంతా మస్కట్ ఇళ్ళల్లో కుదిరితే, నన్నొక్కదాన్నే కారెక్కించి బర్కా తీసుకొచ్చారు. దారి పొడుగునా ఖర్జూర తోటలు చూసి, కొబ్బరి చెట్లకు ఏదో జబ్బు చేసిందనుకున్నాను. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అనాలి, యజమానిని బాబా అనాలి. వెంకటరత్నం అన్న నా పేరును మామా మొదటి రోజే రతన్ చేసేశారు. ఆవిడ తెల్లవారుజామున నమాజు కాగానే కాఫీ గింజలు తనే వేయించేవారు. ఇంకెవరు వేయించినా మాడ్చేస్తారని ఆవిడ నమ్మకం, తను మాడ్చినవి మాత్రం సరిగ్గా వేగాయనేవారు. తర్వాత మట్టి ధూపపాత్రలో నిప్పులు వేసి లుబాన్ పొగ పెట్టేవారు. లుబాన్ అంటే మన సాంబ్రాణి లాంటిదే. గదులకు, పరుపులకు, మంచినీళ్ళ కుండకు, బట్టలకు, ఆఖరికి నాకూ పొగ పెట్టేవారు. చేతులు పైకెత్తి నిలబడమని, చుట్టూ ఒకసారి తిప్పి, "ఖలాస్, ఇప్పుడు నువ్వు మనిషివి," అనేవారు. ఆ తర్వాత మేకల కొట్టంలోకి వెళ్ళి ఒక్కొక్క మేకనూ పేరు పెట్టి తిట్టేవారు. అది అయితేగాని ఆవిడకు రోజు మొదలైనట్టు కాదు.

అలాంటి ఇంటికి ఒక రోజు బాబా ఖమీస్ వచ్చి, "అమ్మా, ఒక జట్టును కొన్నాను," అన్నారు. మామా ఎద్దుల జత అనుకుని, ఎన్నేళ్ళవి, పళ్ళు చూశావా అని అడిగారు. కాదు, ఐస్ మీద ఆడే మనుషులట. పక్క దేశంలో ఒక నగరంలో ఆడుతుండే జీతాల జట్టు. వాళ్ళ ఐస్ హాలు తీసేసి దుకాణాలు కడుతున్నారని, నిలవడానికి నీడ లేక అమ్మకానికి వచ్చింది. మస్కట్‌లో సెలవు రోజుల్లో పిల్లలు జారి ఆడుకునే ఒక ఐస్ హాలు ఖమీస్ చేతిలో ఉంది. అందుకని ఆటగాళ్ళతో సహా, కర్రలతో సహా, ఇల్లు మారేవాళ్ళు సామాను తెచ్చినట్టు మొత్తం తెచ్చేశారు. లీగ్ వాళ్ళు ఒక షరతు పెట్టారట. మొదటి సీజన్‌లో ఇక్కడ ఆట చూడటానికి జనం రాకపోతే జట్టును మరో దేశానికి పంపించేస్తారు. ఒమన్‌లో ఐస్ ఆట చూడటానికి జనం ఎక్కడి నుంచి వస్తారో ఖమీస్‌కు తెలియదు. మామా అడిగితే, "వస్తారమ్మా," అని ఫోన్ చూసుకున్నారు.

ఫ్లాట్లు సిద్ధమయ్యేదాకా అని ఆటగాళ్ళను మా తోటలో ఖర్జూరాలు నిల్వ చేసే గదుల్లో దించారు. ఏడాది దాకా ఆ ఫ్లాట్లు సిద్ధం కాలేదు. వచ్చిన రోజు పొద్దున వాళ్ళ సామాన్ల సంచులు తెరిచారు. ఆ వాసన గురించి ఇప్పుడు ఎంత చెప్పినా తక్కువే. ఆ ఆటకు కాళ్ళకూ చేతులకూ భుజాలకూ పరుపుల్లాంటివి కట్టుకుంటారు, వాటిని ఉతకడం కుదరదు. ఎన్నో ఏళ్ళ చెమట వాటిలోనే ఊరుతూ ఉంటుంది. మామా ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, "వీళ్ళల్లో ఎవరైనా చచ్చిపోయి ఉంటారు, లెక్కపెట్టండి," అన్నారు. అన్నీ తీసుకెళ్ళి మేకల కొట్టంలో పెట్టించారు. సాయంత్రానికి మేకలు కొట్టం వదిలి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. మరునాటి నుంచి నా డ్యూటీలో కొత్త పని చేరింది. పొద్దున్నే ధూపపాత్ర మీద చేతి తొడుగులు, కాలి పరుపులు, తలకు పెట్టుకునే టోపీలు ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని పొగ పట్టించాలి. నెల తిరిగేసరికి ఆ జట్టు దగ్గరికి వస్తుంటే పెళ్ళివారు వస్తున్నట్టు ఉండేది. తర్వాత్తర్వాత ఎదుటి జట్టు వాళ్ళు తుమ్ములు వస్తున్నాయని ఫిర్యాదు కూడా చేశారు.

వాళ్ళ పేర్లు మామాకు నోరు తిరగలేదు. అందరికీ తనే పేర్లు పెట్టుకున్నారు, సలీం, సయీద్, నాసర్ అని. ఫిన్లాండ్ నుంచి వచ్చిన గోల్‌కీపర్ పేరు యుస్సి. అందరిలోకీ పెద్దవాడు, మాట తక్కువ. ఆయన యూసుఫ్ అయిపోయాడు, నేనూ అలాగే రాస్తాను. మజ్లిస్‌లో ఖర్జూరం నములుతూ నవ్వింది ఆయనే. తోటలో పనివాళ్ళతోనే తిరిగేవాడు. గంగారాం దగ్గర ఒకే ఒక్క తెలుగు మాట నేర్చుకున్నాడు, "తిన్నవా" అని. పొద్దున కనిపిస్తే తిన్నవా, పడుకోబోతూ తిన్నవా. ఒకసారి మ్యాచ్‌లో రిఫరీ తనను తప్పుపడితే ఆయనను కూడా అదే అడిగాడు. నేను చేసిన మాగాయ మొదటిసారి తిన్న రోజు మాత్రం బావి దగ్గరికి వెళ్ళి చాలాసేపు ఒంటరిగా కూర్చున్నాడు.

మస్కట్ హాల్లో ఐస్ చూసుకునే పనివాడు ఇంతలో మానేసి వెళ్ళిపోయాడు, నీళ్ళు చల్లే బండి పాడైంది. ఖమీస్ తోటలోకి వచ్చి నీళ్ళ పని తెలిసిన వాడెవడని అడిగితే అందరూ గంగారాం వైపు చూశారు. అతను అప్పటిదాకా సోడా బండి మీద తప్ప ఐస్ చూడలేదు. వారం తర్వాత ఎలా ఉందిరా పని అని అడిగితే, "ఏమున్నదక్కా, ఖర్జూరం పాదులకు నీళ్లు వెట్టినట్టే. ఒక్కసారే గుమ్మరియ్యద్దు. పలుచగ పెట్టాలె, అది గుంజుకునేదాక ఆగాలె, మల్ల పెట్టాలె. గాని ఐస్ మీద వేడి నీళ్లు వొయ్యిమంటరు. గదే నాకు సమజైతలేదు," అన్నాడు. అతను పైపు పట్టుకుని నీళ్ళు పెట్టిన ఐస్ అద్దంలా ఉందని యూసుఫ్ మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమి చూశాడట.

ఇక అసలు సంగతి. మొదటి మ్యాచ్ శుక్రవారం అయితే, సోమవారం నాడు తెలిసింది, కొత్త జెర్సీల పెట్టె ఇంకో దేశం రేవులో దిగిపోయిందని. జట్టుకు ఖమీస్ పెట్టాలనుకున్న పేరు మహా. అది ఇక్కడి ఎడారిలో తిరిగే తెల్లటి జింకలాంటి జంతువు, కత్తుల్లాంటి నిటారు కొమ్ములు. చేతిలో ఉన్నవి పాత జెర్సీలు ఇరవై రెండు. తెల్లవి, గుండెల మీద రెక్కలు చాపిన ఎర్ర గద్ద. అది పాత ఊరి గుర్తు, దానితో ఆడకూడదన్నారు. బర్కా బజారులో దర్జీలంతా పండుగ బట్టలతో తీరిక లేకుండా ఉన్నారు. ఒకాయన జెర్సీ గుడ్డను పట్టుకుని చూసి, చేపలా జారుతోందని తిప్పి పంపేశాడు. అప్పుడు మామా ఏ సంకోచం లేకుండా, "రతన్ కుడుతుంది," అన్నారు. పెళ్ళి కాకముందు రాజోలులో ఆరు నెలలు కుట్టు నేర్చుకున్నానని ఎప్పుడో చెప్పిన పాపానికి, ఆవిడ పాత తొక్కుడు మిషను నా ముందుకొచ్చింది.

నేను మహాను ఎప్పుడూ చూడలేదు. ఖమీస్ క్యాలెండర్‌లోంచి చింపిన బొమ్మను డ్రైవర్‌తో పంపారు. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి చెమట పట్టిన జేబులో తెచ్చేసరికి నాలుగు కాళ్ళూ రెండు కొమ్ములూ మిగిలాయి. తెల్లటి జెర్సీ మీద తెల్లటి జంతువు కనిపించదు కదా అని నేను తల పట్టుకుంటే, మామా లోపలికి వెళ్ళి తన పాత అబాయాలు తెచ్చారు. ఒంటి నిండా కప్పుకునే నల్లటి పై దుస్తులు, ఏడో ఎనిమిదో. కత్తెర తీసుకుని మొదటిదాన్ని తనే కత్తిరించారు. మొదటి జంతువును బొమ్మలో ఉన్నట్టే సన్నగా కోసి అతికిస్తే, అటూ ఇటూ గద్ద రెక్కలు బయటికొచ్చాయి. ఎగిరే జింకలా ఉంది. సరేనని రెక్కలు కప్పడానికి పొట్ట పెంచాను. పైన గద్ద ముక్కు కనిపిస్తోంది, అందుకని తల పెంచాను. కొమ్ములు నిటారుగా పెడితే రెక్కల కొసలు రెండు మూలల్లో మిగిలిపోతున్నాయి, అందుకని కొమ్ములను వెనక్కి వంచి కిందికి తిప్పాను. సన్నగా కోస్తే ఆ గుడ్డ పీచులు పోతోంది, అందుకని లావు చేశాను. ప్రతి మార్పుకూ ఒక న్యాయమైన కారణం ఉంది. ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను. బుధవారం నాటికి నేను బొమ్మ వైపు చూడటం మానేశాను. చేతికి ఆ జంతువు అలవాటైపోయింది. ఎక్కడో బాగా ఎరిగిన దానిలాగే ఉంది, కాని ఎక్కడో తోచలేదు.

గురువారం మధ్యాహ్నం జెర్సీలన్నీ ఇంటి హాల్లో చాప మీద పరిచాం. గంగారాం ముందుగా వచ్చాడు. చాలాసేపు చూశాడు.

"రత్నమక్కా, గిది అచ్చం మా ఇంటి బర్రె లెక్కనే ఉన్నది. పేరు రాజమ్మ. పొద్దుమాపు మూడు లీటర్లిస్తుండె," అన్నాడు ప్రేమగా.

అప్పుడు చూశాను. నిజంగానే అది గేదె. మా లంకలో కాలవలో ములిగి లేచిన గేదె. ఆ వెనకే బాబా ఖమీస్ లోపలికొచ్చారు.

"ఇదేమిటి?" అన్నారు.

"మహా అండి, బాబా," అన్నాను.

"ఇది జామూస్. ఇరవై రెండు జామూస్‌లు. రతన్, రేపు లీగ్ వాళ్ళొస్తున్నారు. నన్ను చూసి దేశమంతా నవ్వుతుంది. ఇవన్నీ విప్పెయ్. విప్పకపోతే నీకు ఇంటికి టికెట్ తీస్తాను."

నాకు మా అమ్మ దగ్గర వదిలి వచ్చిన మూడేళ్ళ పిల్ల కళ్ళముందు మెదిలింది. ఏం చెప్పి దిగాలి ఊళ్ళో, గేదెను కుట్టానని పంపేశారనా? వంగి మొదటి జెర్సీ అందుకోబోయాను. మామా తన చేతికర్ర ఆ జెర్సీ మీద పెట్టారు.

"ఆ నలుపు నా అబాయా. దాన్ని విప్పాలంటే ముందు నన్నడగాలి."

"అమ్మా, నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వడానికైనా వస్తారు కదా. నీ మహాను చూడటానికి ఇప్పటిదాకా ఎవరొస్తామన్నారో చెప్పు."

యూసుఫ్ ఎప్పుడొచ్చాడో, చాప మీంచి ఒక జెర్సీ తీసి తొడుక్కుని, బయటికి వెళ్ళి కారు అద్దంలో చూసుకున్నాడు. తిరిగొచ్చి పొట్ట మీద గేదెను రెండు చేతులతో తట్టి, "హెవీ. గుడ్," అన్నాడు. ఆ రోజంతటిలో ఆయన మాట్లాడింది అంతే.

శుక్రవారం సెలవు. బర్కా తోటల్లో ఉండే కుర్రాళ్ళందరికీ గంగారాం ముందు రోజే కబురు పెట్టాడు, బర్రెల మ్యాచ్ ఉన్నదని. ఎవరికి ఏం అర్థమైందో తెలియదు, మూడు బస్సుల జనం కదిలారు. జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు, మా కడప ఆడవాళ్ళు కొందరు తమ ఇళ్ళ పిల్లలతో. చలి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. లుంగీలతో వచ్చినవాళ్ళు అర్ధగంటలో ఒకరినొకరు హత్తుకుని కూర్చున్నారు. మామా మాత్రం ఇంట్లో ఉన్న రజాయిలు రెండు తెప్పించుకుని, ధూపపాత్రను కూడా ఒళ్ళో పెట్టుకుంటానంటే హాలు వాళ్ళు బతిమాలి బయట పెట్టించారు. ఆట నియమాలు మాకెవరికీ తెలియవు. ఎవరు పడినా చప్పట్లు కొట్టాం. అన్నిటికన్నా పెద్ద చప్పట్లు గంగారాంకే. ఆట మధ్యలో విరామం ఇచ్చినప్పుడు అతను పైపు భుజాన వేసుకుని ఐస్ మీదికి వచ్చి నీళ్ళు పెట్టడం మొదలుపెడితే, మూడు బస్సుల జనం లేచి నిలబడింది. అతను పాదుల మధ్య నడిచినట్టే వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఎవరివంకా చూడలేదు.

రెండో భాగంలో యూసుఫ్ జెర్సీ మీద ఒక కొమ్ము ఊడి వేలాడింది. రిఫరీ ఆట ఆపి, సరిచేసుకు రమ్మన్నాడు. సూదీ దారం నా రవికలోనే ఉన్నాయి. ఐస్ చుట్టూ ఉన్న అడ్డుగోడ పక్కన బెంచీ ఎక్కి నిలబడితేగాని ఆయన గుండె నాకు అందలేదు. కొలిమి తిత్తిలా ఎగసిపడుతోంది ఆ ఛాతీ. "ఊపిరి బిగబట్టండి బాబూ, గుచ్చుకుంటుంది," అన్నాను తెలుగులోనే. "తిన్నవా?" అన్నాడాయన. వెనక జనమంతా బర్రె, బర్రె అని అరుస్తున్నారు. పక్క వరసలో ఒమానీ పిల్లలు జామూస్, జామూస్ అని అందుకున్నారు. కొమ్ము కుట్టి దారం పళ్ళతో తెంపాను. ఆ మ్యాచ్ మనవాళ్ళు ఒకటికి తొమ్మిది గోల్స్‌తో ఓడిపోయారు. తొమ్మిదీ మనకు పడినవే. మనవాళ్ళు వేసిన ఆ ఒక్కటి పడినప్పుడు మాత్రం హాలు పైకప్పు లేచిపోతుందనుకున్నాను. తిరుగు బస్సులో మనమే గెలిచామని అందరూ నిశ్చయంగా మాట్లాడుకున్నారు.

నెల తర్వాత అసలు జెర్సీలు వచ్చాయి. నిజం చెప్పాలి, మహా బొమ్మ చాలా అందంగా ఉంది. వాటితో ఒకే ఒక్క మ్యాచ్ ఆడారు. మా వాళ్ళు వచ్చి కూర్చుని, మనవాళ్ళు ఎప్పుడొస్తారా అని చివరిదాకా ఎదురుచూశారు. "వీళ్ళెవరి పిల్లలు?" అని మామా నన్ను రెండుసార్లు అడిగారు. హాలంతా ఆస్పత్రిలా నిశ్శబ్దం. లీగ్ నుంచి వచ్చిన మనిషి చుట్టూ చూసి కాగితం మీద ఏదో రాసుకుంటుంటే ఖమీస్ ముఖంలో రంగు మారింది. మర్నాడు ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, నా వైపు చూడకుండా, ఫ్రిజ్‌తో మాట్లాడినట్టు, "పాతవి ఉతికించు," అన్నారు. కొత్తవి తోట పనివాళ్ళకు పంచేశారు. ఎన్నో ఏళ్ళపాటు బర్కాలో ఖర్జూర చెట్లెక్కి గెలలు కోసిన వాళ్ళంతా గుండెల మీద మహాతో ఉండేవారు. జట్టు మాత్రం ఆ సీజన్ చివరికి మూడే మ్యాచ్‌లు గెలిచినా, గేదె కోసం జనం వస్తుండటంతో ఇక్కడే ఉండిపోయింది. ఆ ఏడు నా కాగితాలు తిరగరాయించినప్పుడు, రెసిడెంట్ కార్డు మీద ఇంటిపని అని ఉండే చోట దర్జీ అని వచ్చింది. ఖమీస్ దాన్ని నా చేతికిచ్చి, "పొరపాటున అలా పడింది, మార్చడం కష్టం," అన్నారు.

ఇప్పుడు వాళ్ళకు మస్కట్‌లో పెద్ద హాలుంది, కుర్చీలకు నంబర్లున్నాయి. ఐస్ మీద నీళ్ళు చల్లే కొత్త యంత్రం ఒక్క నిమిషం కూడా ఆగకుండా తిరిగి వెళ్ళిపోతుంది, దానికి ఎవరూ చప్పట్లు కొట్టరు. జెర్సీ మీద గేదెను కంప్యూటర్ గీస్తుంది. ఎర్రటి కళ్ళు, కండలు, ముక్కులోంచి పొగ. నేను కుట్టినదానికి అసలు ముక్కే లేదు, గుడ్డ సరిపోక. సామాన్ల వాసన పోవడానికి ఏదో మందు కొడతారట. మొన్నామధ్య మా అమ్మాయి, ఇప్పుడు తను ఒమన్‌లోనే నిజ్వాలో టీచరు, ఆ గేదె టోపీ ఒకటి కొని తెచ్చి నా నెత్తిన పెట్టింది. అందులో ఏ వాసనా లేదు.

మామా మంచం పట్టక ముందు, రెండేళ్ళ కిందట అనుకుంటాను, ఒక సాయంత్రం ఆవిడ కాళ్ళకు నూనె రాస్తూ అడిగాను. "మామా, మీరు మహాను ఎప్పుడైనా చూశారా?"

"చూడకపోవడమేమిటి? మా నాన్న ఒంటెల వెంట ఎడారిలో తిరిగేవాడు. నా చిన్నప్పుడు మంద మా గుడారం ముందు నుంచే వెళ్ళేది."

"అయితే నేను కుట్టేది మహా కాదని మీకు తెలుసా?"

"మొదటి కొమ్ము వంచినప్పుడే తెలుసు."

"మరి చెప్పలేదేం మామా? నాలుగు రోజులు పక్కనే కూర్చుని కత్తిరించి ఇచ్చారు కదా. నన్ను విమానం ఎక్కించేవారు కదా మీ అబ్బాయి."

ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు. "నువ్వు కుడుతూ పాడుతున్నావు," అన్నారు. "మా ఇంటికొచ్చి ఏడాది దాటింది అప్పటికి. నువ్వు పాడగా వినడం నాకదే మొదలు. ఆపి చెబితే పాట కూడా ఆగిపోతుందనిపించింది. జంతువుదేముంది, ఏదో ఒకటి."

నేనేం పాడానో నాకు గుర్తులేదు. ఆవిడకు మాటలు తెలియవు, రాగం కాస్త కూనిరాగం తీసి చూపించారు గాని, నేను పోల్చుకోలేకపోయాను.